మొరాకోలో ఆషూరా: వీధిలో డప్పులు, ఇంట్లో ఉపవాసం. పొరుగున ఉన్న మనం ఎలా మసలుకోవాలి?

తర్వాత చదివేవాళ్లకూ అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు రెండు మాటల్లో చెప్తాను. మీవారి ఉద్యోగం కోసం రబాత్‌కు ఎదురుగా, నది అవతల ఉన్న సలేలో కాపురం పెట్టారు. కింది వాటాలో మీరు, పై వాటాలో ఇంటి యజమానురాలు ఉంటారు. హజ్ చేసొచ్చిన పెద్దావిడ అన్న గౌరవంతో అందరూ ఆవిడను హాజ్జా అంటారు, మీరూ అలాగే పిలుస్తున్నారు. పోయిన ఏడాది చివర్లో ఆవిడ భర్త చనిపోయారు. మీరు కరీంనగర్ దగ్గర పల్లెలో పీర్ల పండుగ చూస్తూ పెరిగారు, మొహర్రం అంటే హుసేన్ కోసం దుఃఖించే రోజులనే మీకు తెలుసు. ఇక్కడ ఆషూరాకు, అంటే మొహర్రం పదో రోజుకు, బజారు నిండా చిన్న డప్పులు, బొమ్మలు, ఎండుపళ్ల కుప్పలు. హాజ్జా మాత్రం ఉపవాసం ఉంటానంటోంది, ఖబరస్తాన్‌కు తోడు రమ్మంది, సాయంత్రం కుస్‌కుస్‌కు మీ అందరినీ పిలిచింది. ఇది పండగా, సంతాప దినమా? నల్ల బట్టలు కట్టుకోవాలా? ఏం తీసుకెళ్లాలి? ఏమని పలకరించాలి? పిల్లల్ని మంటల దగ్గరికి పంపొచ్చా? ఇవీ మీ సందేహాలు.

నేను ఈ ఊళ్లోనే ఏళ్లుగా ఉంటున్నాను. నా జవాబు ఇది: ఈ రోజు ఎలా ఉండాలో వీధిని చూసి నిర్ణయించకండి, హాజ్జా ఇంటిని చూసి నిర్ణయించండి. మొరాకోలో ఆషూరాకు గంభీరమైన భాగం ఒకటుంది, పిల్లల భాగం ఒకటుంది. రెండూ ఒకే రోజున, ఒకే గల్లీలో నడుస్తాయి, ఒకదానికొకటి అడ్డురావు. ఉపవాసం, దానం, సమాధుల దగ్గరికి వెళ్లడం పెద్దవాళ్లవి. డప్పులు, మంటలు, నీళ్లు చల్లుకోవడం పిల్లలవి, కొంతవరకు ఆడవాళ్లవి. ఈ ఏడాది మీ పై వాటాలో ఆషూరా పూర్తిగా మొదటి రకమే. భర్త పోయాక ఆవిడకు ఇదే మొదటి ఆషూరా. ఆ ఇంట్లో డప్పు మోగదు. మీ వాటాలోనూ మోగకుండా చూసుకుంటే బాగుంటుంది.

మనకు తెలిసిన మొహర్రానికీ దీనికీ ఇంత తేడా ఎందుకంటే, మొహర్రం నెల పదో రోజుకు ఇస్లాంలో రెండు వేర్వేరు జ్ఞాపకాలు ఉన్నాయి. మొదటిది కర్బలా కంటే పాతది. ప్రవక్త మదీనాకు వచ్చినప్పుడు అక్కడి యూదులు ఒక రోజు ఉపవాసం ఉండటం చూశారనీ, ఫరో బారినుంచి మూసాను (మోషేను) దేవుడు కాపాడిన రోజు అని వాళ్లు చెప్పగా, మూసా మాకూ దగ్గరివాడే అని తానూ ఉపవాసం ఉండి, తనవాళ్లనూ ఉండమన్నారనీ హదీసుల్లో ఉంది. హిజ్రీ 2లో, అంటే క్రీ.శ. 624లో రంజాన్ ఉపవాసాలు తప్పనిసరి అయ్యాక ఆషూరా ఉపవాసం ఇష్టమైనవాళ్లు ఉండేదిగా మారింది. అయినా దాని విలువ తగ్గలేదు. గడిచిన ఏడాది పాపాలకు అది పరిహారమని సున్నీలు నమ్ముతారు. అందుకే హాజ్జా వయసువాళ్లు తొమ్మిది, పది రెండు రోజులూ ఉంటారు.

రెండో జ్ఞాపకం కర్బలాది. హిజ్రీ 61లో, క్రీ.శ. 680 అక్టోబరు 10న ప్రవక్త మనవడు హుసేన్‌ను, ఆయన వెంట ఉన్నవాళ్లను చంపారు. ఆ రోజూ మొహర్రం పదే. గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీలు షియాలు. వాళ్ల కాలంలో ఆషుర్‌ఖానాలు, ఆలమ్‌లు (మన పీర్లు) హైదరాబాద్ నుంచి పల్లెలకు పాకాయి, పల్లెల్లో హిందువులు కూడా పీర్లెత్తుకునే పండుగైంది. మాది అనంతపురం జిల్లా, గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి మా ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లం. కాబట్టి మీ అయోమయం నాకు బాగా అర్థమవుతుంది. మన తెలుగువాళ్లం మొహర్రాన్ని హుసేన్ నుంచి విడదీసి ఊహించలేం. మొరాకోలో మాత్రం జనం దాదాపు అందరూ సున్నీలు, అందులోనూ మాలికీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయంవాళ్లు. వీళ్ల ఆషూరా మొదటి జ్ఞాపకం మీద నిలబడింది. ఇక్కడ మాతం ఉండదు, తాజియా ఉండదు, ఊరేగింపులో గుండెలు బాదుకోవడం ఉండదు.

అలాగని హుసేన్ అంటే గౌరవం లేదనుకోవద్దు. ఈ దేశం మొదలైందే ప్రవక్త వంశం నీడలో. హుసేన్ అన్న హసన్‌కు మునిమనవడైన ఇద్రీస్, మక్కా దగ్గర 786లో జరిగిన ఫఖ్ యుద్ధం తర్వాత అబ్బాసీ ఖలీఫాల నుంచి తప్పించుకుని ఇంత దూరం వచ్చాడు. వలీలీ అనే పాత పట్టణం దగ్గరి అమాజిగ్ (బెర్బర్) జనం ఆయన్ను నాయకుడిగా ఎన్నుకున్నారు. ఆయన సమాధి ఉన్న మౌలే ఇద్రీస్ జెర్హూన్ ఊరు ఈనాటికీ యాత్రాస్థలమే. ఇప్పుడున్న అలవీ రాజవంశం కూడా తమది హసన్ సంతతి అనే చెప్పుకుంటుంది. హసన్, హుసేన్ పేర్లు ప్రతి వీధిలో వినిపిస్తాయి. ప్రవక్త ఇంటివాళ్ల మీద ప్రేమ ఇక్కడ నిండుగా ఉంది, దాన్ని ఆషూరా నాడు సామూహిక శోకంగా చూపించే ఆచారం మాత్రం లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. "మా దగ్గర ఈ రోజు రక్తం చిందిస్తారు, మీరెందుకు ఏడవరు?" లాంటి మాటలు వద్దు. "మీరు షియాలా, సున్నీలా?" అని అసలే అడగొద్దు. మొరాకో 2009లోనూ, మళ్లీ 2018లోనూ ఇరాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది, మొదటిసారి చెప్పిన కారణాల్లో షియా ప్రచారం కూడా ఒకటి. అందుకని ఈ విషయం ఇక్కడ మతం దాటి రాజకీయం వరకూ వెళ్తుంది. హాజ్జాయే మన ఊరి సంగతి అడిగితే అప్పుడు చెప్పండి. హిందువులు, ముస్లింలు కలిసి పీర్లకు దట్టీలు కట్టడం, మలీద పంచుకోవడం గురించి చెబితే ఇక్కడి పెద్దవాళ్లు ఎంతో ఆసక్తిగా వింటారు. నేను చెప్పినప్పుడల్లా చుట్టూ చేరి, ఇంకా ఇంకా అడిగారు.

నల్ల బట్టల ప్రశ్నకు వస్తే, అవసరం లేదు. ఇక్కడ నలుపుకు ఆ అర్థం లేదు. జాగ్రత్తగా ఉండాల్సింది తెలుపుతో. మొరాకోలో భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు తలగుడ్డ నుంచి మేజోళ్ల దాకా తెల్లవే వేసుకుంటుంది. మీరు వచ్చిన కొత్తలో హాజ్జా ఎప్పుడూ తెల్ల బట్టల్లో కనిపించేదని రాశారు కదా, అది ఈ గడువే. ఇప్పుడది తీరిపోయింది. ఆవిడ ఇంటికి మీరు నిలువెల్లా తెలుపు కట్టుకుని వెళ్లకండి. మామూలు రంగులో, మరీ మెరుపులు లేని సల్వార్ కమీజ్, పైన చున్నీ చాలు.

ఇక రోజుల వారీగా చూద్దాం.

మొహర్రం నెలవంక కనిపించిన దగ్గర్నుంచే బజార్ల రూపు మారుతుంది. రబాత్ పాత ఊళ్లో సువైకా వీధికి వెళ్తే కుప్పలు కుప్పలుగా ఫాకియా కనిపిస్తుంది. ఖర్జూరాలు, ఎండు అంజీర, కిస్‌మిస్, బాదం, అక్రోట్లు, పల్లీలు, వేయించిన శనగలు అన్నీ కలిపి తూకం వేస్తారు. అందులో నువ్వులు, సోంపు వేసి కాల్చిన వేలి గోరంత బిస్కెట్లు ఉంటాయి, వాటిని క్రిష్లాత్ అంటారు. ప్రతి ఇల్లూ ఎంతో కొంత ఫాకియా కొంటుంది, కొనలేని ఇంటికి చుట్టాలో పక్కవాళ్లో పంపుతారు. పక్కనే తారీజాలు అమ్ముతారు. మట్టితో చేసిన, చేతిలో ఇమిడే డప్పు అది. ఒక చివర తోలు మూసి, రెండో చివర తెరిచి ఉంటుంది. బొమ్మలూ అప్పుడే కొంటారు. మొరాకో పిల్లలకు ఏడాదిలో బొమ్మలు దొరికే రోజు ఇదే. మీ పిల్లలకూ కొనండి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆడుకోవడానికి వీధి చివరికి పంపండి, హాజ్జా కిటికీ కింద వద్దు.

తొమ్మిదో రోజు సాయంత్రం గడిచి పదో రోజు మొదలయ్యే రాత్రి అసలు సందడి. అమ్మాయిలూ అమ్మలూ గుమ్మాల ముందు చేరి తారీజాలు, బెందీర్లు అనే పలక డప్పులు వాయిస్తూ పాడతారు. మరాకష్‌లో అయితే మగవాళ్లు పేటల వారీగా కూర్చుని రాత్రంతా దెఖ్ఖా అనే డప్పుల పాట వాయిస్తారు, నెమ్మదిగా మొదలై తెల్లవారేసరికి ఒళ్లు ఝల్లుమనే వేగం అందుకుంటుంది. దక్షిణాన తిజ్నీత్, తూర్పున గుల్మీమా లాంటి అమాజిగ్ ఊళ్లలో మాస్కులు పెట్టుకుని వీధుల్లో తిరిగే వేడుకలు ఉన్నాయి. కొన్ని పల్లెల్లో అమ్మాయిలు బక్రీద్ మాంసం ఎముకకు గుడ్డ చుట్టి బాబా ఆషూర్ అనే బొమ్మను చేసి, దాని కోసం ఏడ్చి పాతిపెడతారు. ఇందులో కర్బలా ఛాయ ఉందనేవాళ్లు ఉన్నారు, అంతకంటే పాతదైన పంటల ఆచారమనేవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసిన ఆడవాళ్లు మాత్రం అది అమ్మమ్మల నుంచి వచ్చిన ఆట అనే చెప్తారు.

ఆ రాత్రే మంటలు కూడా వేస్తారు. షఆలా అంటారు. మన అలావా గుండం చుట్టూ తిరిగినట్టే ఇక్కడ పిల్లలు మంట చుట్టూ గెంతుతారు, పైనుంచి దూకుతారు. మీకు చూడగానే ఊరు గుర్తొస్తుంది. కానీ పిల్లల్ని పంపొద్దనే నా సలహా, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. మన ఊళ్లో గుండం దగ్గర పెద్దలుంటారు, ఒక క్రమం ఉంటుంది. ఇక్కడి పట్టణాల్లో మంట కుర్రాళ్ల చేతిలోకి పోయింది. టైర్లు కాలుస్తారు, పటాకులు, స్ప్రే డబ్బాలు మంటల్లో వేస్తారు. ప్రతి ఏటా కాలిన గాయాలతో ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఉంటారు. ఆషూరాకు ముందు పోలీసులు పేటల్లో తిరిగి టైర్లు, పటాకులు పట్టుకుంటారు, వాటిని దొంగచాటుగా అమ్మితే జైలు శిక్ష కూడా ఉంది. పిల్లలకు పండగ చూపించాలనుకుంటే ఆడవాళ్లు పాడే గుమ్మం దగ్గరికి తీసుకెళ్లండి. ఒక తారీజా మీ అమ్మాయి చేతికీ ఇస్తారు. మంటల వైపు కిటికీలు మాత్రం మూసుకోండి, టైర్ల పొగ ఇల్లంతా పట్టేస్తుంది. బాల్కనీలో బట్టలు ఆరేసి ఉంటే లోపల వేసుకోండి.

ఇక పదో రోజు. ఈ రోజు మొరాకోలో ప్రభుత్వ సెలవు కాదు, సెలవు మొహర్రం ఒకటో తేదీకే. ఆఫీసులు మామూలుగా తెరుస్తారు. పైకి చూస్తే ఏమీ తెలియదు, కానీ మీరు కాఫీ ఇచ్చిన మనిషి ఉపవాసంలో ఉండొచ్చు. రంజాన్‌లా అందరూ ఉండేది కాదు కాబట్టి ఎవరున్నారో తెలియదు, చాలామంది చెప్పుకోవడానికి ఇష్టపడరు కూడా. "ఉపవాసమా?" అని అడగకండి. ఏదైనా ఇస్తే వద్దన్నారనుకోండి, రెండోసారి బలవంతం చేయకండి. మనకు అతిథిని మూడుసార్లు అడగడం మర్యాద, ఈ రెండు రోజులూ ఆ అలవాటును పక్కన పెట్టాలి. ఈసారి ఆషూరా జూన్ చివర్లో వస్తోంది కాబట్టి ఫజ్ర్, అంటే తెల్లవారుజాము నమాజు వేళ నుంచి సూర్యాస్తమయం దాకా పదహారు గంటలకు పైనే. మంచినీళ్లు కూడా తాగరు. హాజ్జాకు వయసైంది. మధ్యాహ్నం పూట పైకి వెళ్లి కబుర్లలో పెట్టకండి, పడుకోనివ్వండి. కూరగాయలు తేవడం, గ్యాస్ బండ మార్పించడం లాంటి పనులు ఏమైనా ఉంటే మీవారినో పిల్లల్నో పంపి చేయించండి. ఆవిడకు అది ఏ కానుక కంటే ఎక్కువ.

ఖబరస్తాన్ గురించి కాస్త వివరంగా చెప్తాను, మీకు ఎక్కువ టెన్షన్ ఉన్నది దాని గురించే అనిపించింది. ఇక్కడ దాన్ని రౌదా అంటారు. సలేలో పాత ఊరి గోడకూ సముద్రానికీ మధ్య ఉన్నది చాలా పెద్దది. పద్నాలుగో శతాబ్దపు వలీ (పుణ్యపురుషుడు) సీదీ బెన్ ఆషిర్ సమాధి కూడా అక్కడే ఉంది. ఆషూరాకు ముందు రోజుల్లోనూ, ఆ రోజు పొద్దున్నా కుటుంబాలు వచ్చి సమాధులు శుభ్రం చేస్తాయి, కొందరు సున్నం వేయిస్తారు. సమాధి మీద నీళ్లు పోస్తారు, రీహాన్ అనే సువాసన ఆకుల రెమ్మలు పరుస్తారు, కొందరు రోజ్‌వాటర్ చల్లుతారు. నీళ్ల డబ్బాలు పట్టుకున్న పిల్లలు వెంటపడతారు, రెండు మూడు దిర్హామ్‌లు ఇస్తే వాళ్లే తెచ్చి పోస్తారు. జెల్లాబాలు (పొడుగు అంగీలు) వేసుకున్న తోల్బాలు ఉంటారు, అంటే ఖురాన్ కంఠస్థం వచ్చినవాళ్లు. ఇంటివాళ్లు పిలిస్తే సమాధి దగ్గర కూర్చుని యాసీన్ సూరా చదువుతారు. వాళ్లకు కొంత డబ్బు ఇస్తారు. చివర్లో ఎండు అంజీర, ఖర్జూరాలు, రొట్టె అక్కడున్న పేదలకు పంచుతారు. పోయినవాళ్ల పేరు మీద చేసే దానమన్నమాట. హాజ్జా సంచిలో బరువంతా ఇదే ఉంటుంది, ఆ సంచి మీరు పట్టుకోండి.

మామూలుగా అయితే మొరాకోలో ముస్లింలు కానివాళ్లు మసీదుల్లోకి, వలీల సమాధి మందిరాల్లోకి వెళ్లరు. కసబ్లాంకాలోని హసన్ 2 మసీదులో గైడుతో చూపించడం అందరికీ బాగా తెలిసిన మినహాయింపు. ఖబరస్తాన్ విషయంలోనూ తమంతట తాము వెళ్లి తిరిగితే కాపలావాళ్లు ఆపుతారు. మిమ్మల్ని ఇంటావిడే పిలిచింది కాబట్టి వెళ్లొచ్చు. గేటు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగి, ఆవిడ రమ్మన్నాకే లోపలికి అడుగు పెట్టండి. ఎవరైనా అభ్యంతరం చెబితే వాదించకుండా బయట నిలబడండి. సీదీ బెన్ ఆషిర్ మందిరం లోపలికి వెళ్లొద్దు. చున్నీ తల మీదికి లాక్కోండి. బొట్టు, మంగళసూత్రం తీసేయాల్సిన పని లేదు, మీరెవరో ఆవిడకు తెలుసు, తెలిసే పిలిచింది.

మన దర్గాల అలవాటు ఇక్కడ పనికిరాదు. పూలదండ, చక్కెర, ఊదుబత్తీలు, కొబ్బరికాయ ఏవీ తీసుకెళ్లకండి. సమాధికి తల ఆనించి మొక్కకండి, మాలికీ పెద్దలకు అది చాలా ఇబ్బందిగా ఉంటుంది. వాళ్లు అరచేతులు తెరిచి ఖురాన్ మొదటి సూరా ఫాతిహా చదువుతారు, చివర్లో చేతులు ముఖానికి తాకించుకుంటారు. మీరు అనుకరించనక్కర్లేదు. చేతులు ముందు కట్టుకుని, ఆవిడకు ఒక అడుగు వెనక నిలబడితే సరిపోతుంది. సమాధులు దగ్గరదగ్గరగా ఉంటాయి, దాటేటప్పుడు మీద కాలు పడకుండా చూసుకోండి. ఫోన్ బ్యాగులోనే ఉండనివ్వండి. సముద్రం బాగుందనో ఇంకేదో అనో ఫొటో తీయాలనిపిస్తుంది, వద్దు, చుట్టూ ఉన్నవాళ్లంతా తమవాళ్లను తలుచుకుంటున్నారు. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. "అల్లా యర్హమో" అంటే చాలు, దేవుడు ఆయన్ని కరుణించాలి అని. భర్త గురించి చెప్పడం మొదలుపెడితే వినండి. మన భాష సగం, వాళ్ల భాష సగం అయినా ఫర్వాలేదు.

సాయంత్రం భోజనం. జూన్ చివర్లో రబాత్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాటాకే మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) అజాన్ వినిపిస్తుంది. అజాన్‌కు పది నిమిషాల ముందు వెళ్లి కూర్చోండి, మరీ ముందు వెళ్తే వంటింట్లో ఆవిడకు ఇబ్బంది. ముందు ఖర్జూరం, పాలు తీసుకుంటారు. ఆవిడ ముట్టాకే మీరు ముట్టండి. పిల్లలకు ఇంట్లోనే కాస్త తినిపించి తీసుకెళ్లండి, ఆకలని అల్లరి చేస్తే ఆవిడ తన కోసం కాకపోయినా వాళ్ల కోసం కంగారు పడుతుంది.

ఆషూరా కుస్‌కుస్ మామూలు శుక్రవారం కుస్‌కుస్ లాంటిది కాదు. బక్రీద్ సరిగ్గా నెల ముందు వస్తుంది. అప్పటి మాంసంలో కొంత ఉప్పు, మసాలా పట్టించి, ఎండలో ఆరబెట్టి గెద్దీద్ చేస్తారు. గొర్రె తోక భాగాన్ని దియాలా అంటారు, దాన్నీ ఈ రోజు కోసమే దాస్తారు. వీటితో కుస్‌కుస్ వండితేనే పాతతరం వాళ్లకు ఆషూరా వచ్చినట్టు. 2025లో ఏళ్ల తరబడి కరువుతో గొర్రెల మందలు బాగా తగ్గిపోయి, రాజు ఆరో మహమ్మద్ ఆ ఏడాదికి ఖుర్బానీ ఇవ్వొద్దని ప్రజలను కోరారు. ఆ ఆషూరాకు నాకు తెలిసిన ఇళ్లలో గెద్దీద్ లేక కోడి మాంసంతో సరిపెట్టుకున్నారు. ఆ వెలితి గురించి ముసలివాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. కాబట్టి ఈసారి హాజ్జా తన గెద్దీద్ తీసి మీకు వండుతోందంటే, భర్తతో కలిసి తినే భోజనంలో మిమ్మల్ని కూర్చోబెడుతోందని అర్థం చేసుకోండి.

అందుకే తిండి నియమాల సంగతి ముందే చెప్పేయాలి, పళ్లెం ముందు కూర్చున్నాక కాదు. మీవారు మాంసం తినరని రాశారు. రెండు రోజుల ముందే పైకి వెళ్లి చెప్పండి. ఇక్కడ కూరగాయలు కూడా మాంసంతో కలిపి ఒకే గిన్నెలో ఉడుకుతాయి, అదే పులుసు కుస్‌కుస్ మీద పోస్తారు. కాబట్టి మాంసం ముక్కలు పక్కకు తీసి పెడితే శాకాహారం అయిపోదు. ఆవిడ వేరే గిన్నెలో ఆయనకు వండుతుంది, లేదా ఉల్లిపాయ, కిస్‌మిస్ మగ్గబెట్టిన తఫాయాతో పెడుతుంది. మీరు గొర్రె తింటారు, ఆవు తినరు కాబట్టి "గెన్మీ"నా, "బెగ్రీ"నా అని అడగండి. గెన్మీ అంటే గొర్రెది. ఈ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు, ఇక్కడ తిండి పట్టింపులు ఉన్న మనిషిని గౌరవిస్తారు. కుస్‌కుస్ ఒకే పెద్ద పళ్లెంలో మధ్యలో పెడతారు. ఎవరి ముందున్నది వాళ్లే తినాలి, అవతలి వైపుకు చెయ్యి చాచకూడదు. చెంచా ఇస్తారు, చేత్తో తింటే కుడిచేయి. మాంసం మధ్యలో ఉంటుంది, దాన్ని హాజ్జా తుంచి అందరి ముందుకూ జరుపుతుంది. మీరు తీసుకోకండి. తోడుగా లబెన్ ఇస్తారు, అది మన మజ్జిగే.

తీసుకెళ్లడానికి మంచి ఖర్జూరాలు లేదా ఒక కేజీ ఫాకియా సరైనవి. చేసి తీసుకెళ్లాలనుకుంటే నువ్వుల ఉండలు చేయండి. వీళ్లకు నువ్వులంటే ప్రాణం, రంజాన్‌లో చేసే సెల్లూ నిండా నువ్వులే. జెలటిన్ ఉన్న ప్యాకెట్ స్వీట్లు, రంగులు వేసిన మిఠాయిలు వద్దు. ఏదైనా పెట్టి పంపిన పళ్లెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదనే మన మర్యాద ఇక్కడ అచ్చంగా ఉంది, మర్నాడు ఆవిడ గిన్నె వెనక్కి ఇచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి వేసి ఇవ్వండి.

పలకరింపు: "మబ్రూక్ అవాషిర్‌కుమ్". ఆషూరాకే కాదు, ఇక్కడ పవిత్రమైన రోజులన్నిటికీ ఇదే చెప్తారు. ఇందులో హడావుడి, ఆనందం లేవు, కాబట్టి దుఃఖంలో ఉన్న ఇంట్లో కూడా చెప్పొచ్చు. ఎవరైనా మీతో అంటే "అల్లా యబారెక్ ఫీక్" అనండి. ఉపవాసం విరమించాక హాజ్జాతో "అల్లా యిత్‌ఖబ్బెల్" అనండి, దేవుడు స్వీకరించాలని. "హ్యాపీ ఆషూరా" అని స్టేటస్ పెట్టడం, ఆవిడకు మెరిసే బొమ్మలు ఫార్వర్డ్ చేయడం మాత్రం వద్దు.

దానం సంగతి కూడా తెలుసుకోండి, లేకపోతే తలుపు దగ్గర కంగారు పడతారు. మొరాకోలో చాలామంది, ముఖ్యంగా వ్యాపారులు, జకాత్ అనే తప్పనిసరి దానం లెక్క ఆషూరా నాటికి చూస్తారు. 85 గ్రాముల బంగారం విలువకు తగ్గని సొమ్ము ఏడాది పాటు చేతిలో నిలిస్తే, దానిలో నలభయ్యో వంతు ఇవ్వాలి. అందుకే ఆ వారం పేదవాళ్లు దుకాణాల ముందు బారులు తీరతారు. మీకు జకాత్ వర్తించదు, ఇచ్చినా కాదనరు. ఇంటి కాపలా మనిషికీ, చెత్త తీసే అతనికీ కొంత చేతిలో పెడితే బాగుంటుంది. పిల్లలు గుంపులుగా వచ్చి బాబా ఆషూర్ వంతు అడుగుతారు. ఒకటి, రెండు దిర్హామ్‌ల చిల్లర గుమ్మం దగ్గర గిన్నెలో పెట్టుకోండి. ఇక చాలనుకున్నప్పుడు "అల్లా యిసెహ్హెల్" అంటే మర్యాదగా వెళ్లిపోతారు. తలుపు మొహం మీద వేయకండి.

ఆషూరా మర్నాడు తెల్లవారాక, కొన్ని పేటల్లో ఆషూరా నాడే, నీళ్లు చల్లుకోవడం ఉంటుంది. జంజం అంటారు. ఆ పొద్దున నీళ్లకు బర్కత్ (దైవానుగ్రహం) ఉంటుందని నమ్మి, పాతరోజుల్లో వ్యాపారులు సరుకు మీద, రైతులు పశువుల మీద చిలకరించేవాళ్లట. ఇప్పుడు పిల్లలు బకెట్లతో దారినపోయేవాళ్లను తడిపేస్తారు. మీవారిని ల్యాప్‌టాప్ బ్యాగు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ట్రామ్ దాకా వెళ్లమనండి. తడిపితే కోప్పడొద్దు.

ఇంకొక్కటి, దీని గురించి ఎవరూ మీకు నేరుగా చెప్పరు. ఆషూరా రాత్రి చేతబడికి బలం ఎక్కువని ఇక్కడ చాలామంది నమ్ముతారు. మూలికలు, సుగంధద్రవ్యాలు అమ్మే అత్తార్ దుకాణాల్లో ధూపద్రవ్యాలు విపరీతంగా అమ్ముడవుతాయి, కొన్ని మంటల్లో వేస్తారు. ఇమాములు ప్రతి ఏటా ఖుత్బాలో (శుక్రవారం ప్రసంగంలో) దీన్ని ఖండిస్తారు. మీరు వాసన బాగుందని తెలియని ధూపం కొని ఆ రాత్రి వాకిట్లో వేయకండి. మీ రోజువారీ దీపం, అగరబత్తీ లోపలి గదిలో, మామూలు వేళకు పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. అనుమానాలు పుట్టే రాత్రి అది, పరాయి ఊళ్లో మన పేరు వాటిలో ఇరుక్కోకూడదు. ఎవరైనా ఆ భయం గురించి చెబితే నవ్వకండి, నిజంగా భయపడే చెప్తున్నారు.

మీవారికి తర్వాత ట్యునీషియానో అల్జీరియానో బదిలీ అవుతుందని రాశారు. అల్జీరియాలో ఆషూరా ప్రభుత్వ సెలవు. ఉపవాసం, జకాత్, ఇంట్లో విందు ఉంటాయి, బొమ్మలు, మంటల సందడి ఇంత ఉండదు. ఈజిప్టు వెళ్తే గోధుమలు, పాలతో చేసే ఆషూరా పాయసం ఇంటింటికీ పంచుతారు. మొరాకో పద్ధతులను అక్కడ వెతకకండి.

తేదీ విషయం చివరగా. హిజ్రీ ఏడాది మన లెక్కకు పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో ఇక్కడ ఆషూరా జులై 6న వచ్చింది, 2026లో జూన్ ఆఖరి వారంలో ఉంటుంది. మొరాకో ప్రతి నెలా తన నెలవంకను తానే చూసుకుంటుంది, సౌదీనో ఇండియానో చూసి చెప్పదు. మొహర్రానికి ముందు నెల జిల్‌హజ్ 29 సాయంత్రం హబూస్ (వక్ఫ్), ఇస్లామిక్ వ్యవహారాల మంత్రిత్వశాఖ ప్రకటిస్తుంది, అక్కడి నుంచి పది లెక్కపెట్టుకోండి. ఇండియా నుంచి వాట్సాప్‌లో వచ్చే తేదీ ఒక రోజు తేడాగా ఉండొచ్చు. హాజ్జా చెప్పిన తేదీనే నమ్మండి. కుస్‌కుస్ గురించి చెప్పడానికి పైకి వెళ్లినప్పుడు, ఖబరస్తాన్‌కు ఏ పూట బయల్దేరాలో కూడా అడిగి పెట్టుకోండి. ఎండాకాలం కాబట్టి చాలామంది ఫజ్ర్ నమాజు అయిన వెంటనే వెళ్తారు, ఆ వేళకు ట్యాక్సీ ముందు రోజే మాట్లాడుకోవాలి.